ఓము లెక్కయు మన యింటి దీపమును

బియ్యమునకు శేరు, గుడ్డకు గజము, బంగారమునకు తులము తెలియని యిల్లు మన సీమలో నెన్నడును లేదు. కొనెడి వస్తువునకు కొలత తెలిసియుండుట గృహస్థధర్మములలో నొకటి. అయినను నెలనెలయు కొనుచు, రాత్రింబగళ్లు వాడుచు, ఒక్క గడియ లేకున్న నోర్వలేని వస్తువొకటి నేడు మన యిండ్లలో గలదు. దాని కొలత మాత్రము మనలో పెక్కండ్రకు తెలియదు. అదియే విద్యుత్తు. ఇస్త్రీపెట్టెపై నచ్చువేసిన 'వాట్లు' అనగా నేమి, మీటరు చూపు 'యూనిట్టు' ఎంత, పంపుమోటారు ఎందువలన కాలుచున్నది అని యడిగినచో నంద్యాలలోనేమి, ఆళ్లగడ్డలోనేమి, పట్టభద్రులు సైతము తడుముకొందురు. వారికి సూత్రము రాదని కాదు. పరీక్షకొఱకు నేర్చిన సూత్రము పరీక్షతోనే పోయినది. ఆ సూత్రము ఎవరి కష్టమున పుట్టినదో, మన గడపలోనికి ఎట్లు వచ్చినదో యెవరును చెప్పకపోవుటచే నది యింటి వస్తువు కాలేదు. ఆ చరిత్రమును గొంత చెప్పుటయే యీ వ్యాసమున కుద్దేశము.

మొదట లెక్కను జూతము. నంద్యాల ప్రాంతమువారికి దీనిని బోధపఱచుటకు కాలువకంటె మంచి దృష్టాంతము దొరకదు. సుంకేసులయొద్ద తుంగభద్రను విడిచి నంద్యాల మీదుగా కడపవైపు సాగెడి కె. సి. కాలువను మద్రాసు ఇరిగేషను కంపెనీవారు 1860వ దశాబ్దమున త్రవ్వించిరి; 1882వ సంవత్సరమున ప్రభుత్వము దానిని కంపెనీనుండి కొనెను. కాలువలో నీరు పాఱుట మూడు సంగతులపై నాధారపడియున్నది. ఎగువకును దిగువకును గల యెత్తు భేద మొకటి. క్షణమునకు పాఱెడి నీటి పరిమాణ మొకటి. ఇఱుకు, పూడిక, తూటికాడ మున్నగువానిచే గలుగు నడ్డు మూడవది. విద్యుత్తునందు ఎత్తు భేదమువంటిది వోల్టేజి. దానిని వోల్టులతో కొలుతురు. ప్రవాహమువంటిది కరెంటు, దానికి ఆంపియర్లు కొలత. అడ్డువంటిది నిరోధము, దానికి ఓములు కొలత. కాలువయందు ఈ మూటికిని గల సంబంధము అంత సూటియైనది కాదు గాని, వేడిమి మాఱని లోహపు తీగయందు మిక్కిలి సూటియైనది. వోల్టేజి రెట్టించినచో కరెంటు రెట్టించును. నిరోధము రెట్టించినచో కరెంటు సగమగును.

కావున మనము జ్ఞప్తియందుంచుకొనవలసిన లెక్కలు రెండే. వోల్టులను ఆంపియర్లచే భాగించినచో నిరోధము వచ్చును. వోల్టులను ఆంపియర్లచే గుణించినచో సామర్థ్యము, అనగా వాట్లు, వచ్చును. 230 వోల్టుల కరెంటుపై నొక ఇస్త్రీపెట్టె 4.35 ఆంపియర్లు తీసికొనుచున్నదనుకొందము. భాగించిన సుమారు 53 ఓములు. గుణించిన సుమారు 1000 వాట్లు. అట్టి పెట్టె యొక గంట పనిచేసినచో నొక యూనిట్టు ఖర్చగును. వెనుకటి 60 వాట్ల బల్బు దినమునకు అయిదు గంటలచొప్పున నెలదినములు వెలిగినచో 9 యూనిట్లు. దానికి మాఱుగా నేడు వాడెడి 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకు 1.35 యూనిట్లు. మూడవ తరగతి బాలిక చేయగల గుణకారము నేర్చిన యింటికి బిల్లు ఇంక రహస్యము గాదు.

ఇంత చిన్న లెక్కను కనుగొనుటకు మానవజాతికి చాలకాలము పట్టెను. దానిని స్థాపించినవాడు గొప్ప విశ్వవిద్యాలయ పండితుడు గాడు, బడిపంతులు. జార్జి సైమన్ ఓము 1789వ సంవత్సరమున జర్మనుదేశమందలి ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి తాళములుచేయు పనివాడు. ఆయన పాఠశాలలో చదువకున్నను స్వయంకృషిచే గణితము నేర్చి తన కుమారుల కుపదేశించెను. ఓము పదేండ్ల బాలుడై యుండగనే తల్లి మరణించెను. 1817వ సంవత్సరమున నాతడు కొలోను పట్టణమున నొక ఉన్నత పాఠశాలయందు గణితమును భౌతికశాస్త్రమును బోధించు నుద్యోగమున ప్రవేశించి, బడి ముగిసిన వెనుక నచ్చటి ప్రయోగశాలలో పరిశోధనలు చేయసాగెను.

ఆ కాలపు బ్యాటరీలు నిలుకడ లేనివి. కొలుచుచుండగనే వాని బలము మాఱుచుండెను. అందుచే 1825లో నాతడు ప్రకటించిన మొదటి సూత్రము నిలువలేదు. అంతట పోగ్గెండోర్ఫ్ అను శాస్త్రజ్ఞు డొక యుపాయము చెప్పెను. రెండు వేరు లోహములను రెండుచోట్ల నతికి, ఒక యతుకును వేడిగాను రెండవదానిని చల్లగాను ఉంచినచో కరెంటు పుట్టునని 1821లో సీబెక్ అను నాతడు కనుగొనియుండెను. ఓము రాగిని బిస్మతును నతికి, ఒక యతుకును మరుగు నీటను, వేఱొకదానిని కరగు మంచునందును ఉంచెను. మరుగు నీటి వేడిమియు కరగు మంచు చలువయు నిలుకడగలవి గనుక వోల్టేజియు నిలుకడగా దొరకెను. ఒకే లావును వేఱువేఱు పొడవులును గల ఎనిమిది రాగితీగలను ఒకదానివెంట నొకటి కలిపి, అయస్కాంతపు సూది యెంత తిరుగునో కొలిచెను. తీగ పొడవు పెరిగినకొలది నిరోధము పెరిగి కరెంటు తఱుగుటలో నొక నియమ మగపడెను. మంచును మరుగు నీరును సాధనములుగా గొన్న యీ యోర్పునుండియే నేటి విద్యుత్ లెక్క యంతయు బయలుదేఱినది.

1827లో ఓము తన సిద్ధాంతమును గ్రంథముగా బెర్లినునందు ప్రకటించెను. దానిని వ్రాయుటకై యాతడు సగము జీతముపై సెలవు పుచ్చుకొనియుండెను. గ్రంథము వెలువడినంతనే తన కున్నతోద్యోగము లభించునని యాశించెను గాని, స్వదేశపు పండితులు దానిని ఆదరింపరైరి. ప్రకృతిని తర్కముచే గ్రహింపవలె గాని తీగలు కొలిచి గణితముచే గట్టుట తగదని కొందఱు నిందించిరి. ఓము కొలోను ఉద్యోగమును విడిచి పెక్కేండ్లు కష్టజీవనము చేసి, 1833లో న్యూరెంబర్గు పాలిటెక్నికునందు చేరెను. 1841వ సంవత్సరమున లండను రాయల్ సొసైటీవారు కోప్లీ పతకము నిచ్చి గౌరవించిన తరువాతగాని యాతని కీర్తి వ్యాపింపలేదు. 1854లో నాతడు మ్యూనిక్కున మరణించెను. విద్వత్తు కులమునుబట్టియు కొలువునుబట్టియు రాదనుటకు ఈ తాళములవాని కుమారుడు నిదర్శనము.

ఓముకంటె సుమారు నలువదియైదేండ్లకు ముందే ఇంగ్లండున హెన్రీ కావెండిష్ అను ధనికుడు ఇంచుమించుగా నీ నియమమునే గ్రహించియుండెను. కరెంటును కొలుచు పరికరము లేకుండుటచే నాతడు తన శరీరమునే పరికరముగా జేసికొని, తగిలిన ఘాతము ఎంత తీవ్రమో పోల్చి చూచెను! కాని తా గనుగొన్నదానిని ప్రకటింపక తన కాగితములలోనే యుంచుకొనెను. 1879లో మాక్స్‌వెల్ ఆ కాగితములను ప్రకటించువఱకు లోకమున కది తెలియదు. ధనము, తీరిక, మేధ అన్నియు నున్న కావెండిష్ వలన లోకమునకు గలుగని యుపకారము బడిపంతులయిన ఓమువలన గలిగినది. పంచిపెట్టని జ్ఞానము పాతిపెట్టిన ధనమువంటిదే కదా!

నిరోధముగల తీగలో కరెంటు పాఱినచో వేడిమి పుట్టును. అది యెంత పుట్టునో 1841లో లెక్కగట్టినవాడు మాంచెస్టరు ప్రాంతమున సారాబట్టీ నడపిన కుటుంబమునకు జెందిన జేమ్స్ జూలు. కరెంటు రెట్టించినచో వేడిమి రెట్టింపుగాదు, నాలుగు రెట్లగునని యాతడు చూపెను. ఇది మఱవరాని మాట. తరువాత 1881లో పారిసు నగరమున గూడిన అంతర్జాతీయ విద్యుత్సభ ఓము, వోల్టు, ఆంపియరు అను పేర్లను స్థిరపఱచెను. 1882లో విలియమ్ సీమెన్స్ అను ఇంజనీరు సామర్థ్యమునకు 'వాటు' అను పేరును ప్రతిపాదించెను. జేమ్స్ వాటు ఆవిరియంత్రముల వాడేగాని విద్యుత్తుతో పనిచేసినవాడు గాడు. ఆవిరియంత్రములను గుఱ్ఱములతో పోల్చి యాతడు వాడుకకు దెచ్చిన 'హార్సుపవరు' నేటికిని మన రైతుల నోట నున్నది. ఒక హార్సుపవరు 746 వాట్లు.

ఈ లెక్క మన దక్షిణదేశమునకు వచ్చిన విధ మిక చూడవలెను. పదివేల వాట్ల సామర్థ్యమును దూరముననున్న యూరికి పంపవలెననుకొందము. తీగల మొత్తపు నిరోధము అర ఓము. 250 వోల్టులపై పంపినచో 40 ఆంపియర్లు పాఱవలెను. దారిలో 20 వోల్టులు తఱుగును; 800 వాట్లు తీగలను వేడిచేయుటలోనే వ్యర్థమగును. అదే సామర్థ్యమును 10,000 వోల్టులపై పంపినచో పాఱునది ఒక్క ఆంపియరు. వ్యర్థమగునది అర వాటు. నష్టము 1600వ వంతునకు దిగినది! 1882లో ఎడిసన్ న్యూయార్కునందు నెలకొల్పిన కేంద్రము తక్కువ వోల్టేజిపై పనిచేయుటచే నొక మైలు దూరమునకు మించి పోజాలకుండెను. ట్రాన్సుఫార్మరుచే వోల్టేజిని పెంచి పంపి, ఊరి దగ్గఱ దించుకొను పద్ధతి వచ్చిన తరువాతనే దూరపు జలపాతములు మానవునికి వశమైనవి.

1902వ సంవత్సరమున మైసూరు సంస్థానమున కావేరిపై శివసముద్రము జలపాతమునుండి కోలారు బంగారు గనులకు 92 మైళ్లు కరెంటు పాఱించిరి. ఆ గనులలో పనిచేసినవారిలో మన తెలుగువా రనేకులు. భూగర్భమునందలి యా కూలీకి ఓము పేరు తెలియకపోవచ్చును. ఆ యంత్రముల బలము మాత్రము ఓము లెక్కపైననే యంత దూరము నడచివచ్చినది. తరువాత 1950వ దశాబ్దమున మాచ్‌ఖండ్, తుంగభద్ర జలవిద్యుత్కేంద్రములు ఆంధ్రదేశమునకు వెలుగిచ్చినవి. 1963 జూలైలో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలము ప్రాజెక్టునందు 1982లో మొదటి యంత్రము తిరుగ నారంభించెను. కుడిగట్టు కేంద్రమున 110 మెగావాట్ల యంత్రములు ఏడు గలవు. 2022 ఏప్రిలులో నంద్యాల జిల్లా యేర్పడినపుడు శ్రీశైలమును ఆ జిల్లాలోనే చేరినది. గడివేముల మండలమందలి గని గ్రామమును చేర్చుకొని 2017లో పూర్తియైన వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వేఱొకటి గలదు. నీటినుండి వచ్చినను నెండనుండి వచ్చినను లెక్క యొక్కటియే: వోల్టులు గుణించు ఆంపియర్లు.

శ్రీశైలమును గూర్చి చెప్పినప్పుడు వేఱొక మాట విడువరాదు. ఆ జలాశయమున కృష్ణకు నిరువైపుల నూఱుకు పైగా గ్రామములు మునిగినవి. 1981లో నిండ్లు కూలద్రోసి జనులను ఖాళీ చేయించిరి. మన యింటి దీపమున వారి పొలములు, గుడులు, పెద్దల సమాధులు వెలుగుచున్నవి. అంత మూల్యమునకు వచ్చిన వస్తువును లెక్కలేక వాడుట ధనికులకుగూడ ధర్మము గాదు.

ఇంతదూరము వచ్చిన కరెంటు తుదకు పొలమున నేమగుచున్నది? కాలువ చివరి భూములవారి కష్టము నంద్యాల ఆయకట్టువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. లైను చివరి మోటార్ల కష్టమును నట్టిదే. కాని యొక్క భేదము గలదు. కాలువలో నీరే దారిలో తఱుగును. తీగలో కరెంటు తఱుగదు; వోల్టేజి తఱుగును. ఎన్ని మోటార్లు ఒక తీగపై నధికమైన, తీగలోని కరెంటు నంత యధికమై, చివర వోల్టేజి యంతగా క్షీణించును. బల్బయినచో మసకబాఱి యూరకుండును. మోటారు అట్లు గాదు. నీటిని పైకెత్తు భారము తగ్గలేదు గనుక, తక్కువ వోల్టేజిని ఎక్కువ కరెంటుతో భర్తీ చేసికొనజూచును. వోల్టేజి అయిదవవంతు తగ్గినచో కరెంటు నాలుగవవంతు పెరుగును. జూలు లెక్కనుబట్టి లోపలి తీగచుట్టలో వేడిమి ఒకటిన్నర రెట్లకు మించును. చుట్ట కాలును. వైండింగుకు అప్పు, ఎండిన పైరు, వడ్డీ — ఈ సంసారపు దుఃఖమునకంతకును మూలము ఒక గుణకారమున నున్నది.

విఱుగుడును లెక్కలోనే యున్నది. పొడవైన తక్కువ వోల్టేజి తీగలను మాని, 11,000 వోల్టుల తీగను బోర్ల దగ్గఱకే కొనిపోయి, కొద్ది మోటార్లకొక చిన్న ట్రాన్సుఫార్మరు పెట్టు పద్ధతి మన రాష్ట్రమున వ్యాపించినది. దాని గుణము తెలిసిన రైతు తన గ్రామమునకు దానినే యడుగును. తెలియనివాడు లైన్‌మనును తిట్టి యూరకుండును. మోటారులకు వోల్టులు గుణించు ఆంపియర్లు అను లెక్కతో 'పవరు ఫ్యాక్టరు' అను నింకొక గుణకమును జేర్చవలెను. మూడు ఫేజులదైన 1.732 చేతను గుణింపవలెను. అంతమాత్రమునకు భయపడనక్కఱలేదు, వడ్డీలెక్క తెలిసిన రైతునకు ఇది కష్టము గాదు.

ఆళ్లగడ్డ శిల్పుల సంగతియు నిట్టిదే. ఉలితోడనే పనిచేసిన యా వృత్తిలో నేడు రాయికోయు విద్యుద్యంత్రములు ప్రవేశించినవి. 8 ఆంపియర్లు తీసికొను యంత్రమునకు రెండు ఓముల నిరోధముగల సన్నని పొడవాటి వైరు తగిలించినచో వైరులోనే 16 వోల్టులు పోవును. 128 వాట్ల వేడిమి వైరునందే పుట్టును. వైరును చుట్టగానే యుంచి వాడినచో నా వేడిమి వెలికిపోలేక తొడుగు కరగును. కొంచెము లావు వైరు కొనుట ఖర్చు గాదు, ఆదాయము.

ప్రజాజీవితమునందును లెక్కలేమి పెద్ద కలహములకు దారితీసినది. 1999 ఫిబ్రవరిలో రాష్ట్ర విద్యుద్బోర్డు విభజింపబడిన వెనుక రేట్లు పెంపబడగా, 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగువద్ద నిరసన తెలుపవచ్చినవారిపై పోలీసులు కాల్పులు జరుపుటచే ప్రాణనష్టము గలిగెను. 2004 మే నెలలో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. 2020లో వ్యవసాయపు మోటార్లకు మీటర్లు పెట్టి రాయితీని రైతు ఖాతాలో వేయు నేర్పాటును శ్రీకాకుళము జిల్లాలో ముందుగా మొదలుపెట్టగా, ఉచితము పోవునేమో యని రైతులలో శంక పుట్టెను. ఉచిత మీయవలెనా మానవలెనా యన్నది రాజనీతి. దానిని చదువరులు తమ తమ బుద్ధినిబట్టి నిర్ణయించుకొందురు గాక. కాని యే బోరు ఎంత కరెంటు త్రాగుచున్నదో రైతునకు తెలియక, ఏ పొలమున కెంత పోయెనో కొలతలేక అందాజుగా చెప్పుచున్నంతకాలము, ఆ వాదము చీకటిలో కఱ్ఱసామే యగును. లెక్క ప్రభుత్వముచేత నున్నంత మాత్రమున చాలదు, రైతుచేతను ఉండవలెను. అప్పుడు మీటరు వానికి శత్రువుగాక సాక్షి యగును.

తుదిగా నింటి సంగతి. గోడలోని చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకు. 230 చే గుణించిన 1380 వాట్లు. అందు 2000 వాట్ల నీటి హీటరును గ్రుచ్చరాదని యా గుణకారమే చెప్పుచున్నది. ఫ్యూజు కాలినపుడు లావు రాగితీగ వేయుట మన యిండ్లలో పరిపాటి. ఫ్యూజు కాలుట చెడ్డకాదు, హెచ్చరిక. లావుతీగ వేసినచో రెట్టింపు కరెంటు గోడలోని వైరుపై బడి నాలుగు రెట్ల వేడిమిని పుట్టించును.

ఇంకొక లెక్క యన్నిటికంటె ముఖ్యము. తడిసిన మనుష్యశరీరపు నిరోధమును సుమారు వేయి ఓములని యెంచుదురు. 230 ని వేయిచే భాగించిన 0.23 ఆంపియరు. గుండెను నిలుపుటకు అందు సగమును చాలును. 5 ఆంపియర్ల ఫ్యూజు దీనికి ఇరువది రెట్లకు మించి కరెంటు వచ్చినగాని కాలదు. కావున ఫ్యూజు ఇంటిని కాపాడును గాని మనుష్యుని కాపాడదు. మనుష్యుని కాపాడునది మంచి ఎర్తింగును, 0.03 ఆంపియరు దారితప్పినంతనే కరెంటును త్రెంచివేయు ఆర్.సి.సి.బి. అను పరికరమును. తడిచేతులతో పనిచేయు స్త్రీలకును, తడి మడిలో నిలిచి స్టార్టరు పెట్టె తెఱచు రైతునకును దీనికంటె నవసరమైన విద్య వేఱొకటి గలదా? అయినను మన యిండ్లలో నీ విషయములు మగవారి మాటలని తలచి స్త్రీలకు చెప్పకుందురు. మగవారును తెలిసికొనక యుందురు.

కర్తవ్యము స్పష్టము. పాఠశాలలలో ఓము సూత్రమును బల్లపై వ్రాసి విడువక, విద్యార్థులచే తమతమ యిండ్లలోని వస్తువులపై నచ్చువేసిన వాట్లను వ్రాయించి, ఆంపియర్లు లెక్కగట్టించి, నెల బిల్లుతో పోల్పింపవలెను. ఆ కాగితమును బాలికలు తల్లులకు చదివి వినిపింపవలెను. ఊరి బోర్లయొద్ద వోల్టేజిని వారమునకొకమారు కొలిచి గ్రామస్థులు పుస్తకమున వ్రాసికొన్నచో, అధికారుల యెదుట వారి మొఱకు బలము వచ్చును. 'కరెంటు సరిగా లేదు' అనుటకంటె 'సాయంకాలము ఆఱుగంటలకు 230కి మాఱు 180 ఉన్నది' అనుట శక్తిమంతము. మంచును మరుగు నీటిని దగ్గఱ పెట్టుకొని యొక బడిపంతులు ఓర్పుతో సంపాదించిన విద్య యిది. దానికి పన్ను లేదు, మీటరు లేదు. ఎందఱకు పంచినను వోల్టేజి తఱుగదు.